సర్దడం వేరు, దాచడం వేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం యాభయ్యేళ్ళ పండగకు నన్ను పిలిచి, "మీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు సరదాగా మాట్లాడమ్మా" అన్నారు. నాకు ముందు మాట్లాడినవారిలో ఒకరు గుండె డాక్టరు, ఇంకొకరు నీటిపారుదల ఇంజనీరు. నేనేం చేస్తానంటే, ఇతరుల ఇళ్ళల్లో కుర్చీలు జరుపుతాను. జరిపినందుకు డబ్బులు తీసుకుంటాను. మా ఇంట్లో ముప్పై ఏళ్ళ నుంచి అదే పని ఉచితంగా చేస్తున్నాను, అక్కడ మాత్రం ఎవరూ గుర్తించలేదు.

దీన్ని హోమ్ స్టేజింగ్ అంటారు. అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇంటిని, చూడ్డానికి వచ్చేవాళ్ళ కంటికి నచ్చేలా సర్దిపెట్టడం. అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1972లో ఈ పని మొదలుపెట్టారని చెబుతారు. ఈ ముక్క మా అమ్మతో అంటే, "1972 ఏమిటే, నా పెళ్ళిచూపులు 1966లో అయితేనూ" అంది.

నిజమే కదండీ. పెళ్ళిచూపుల రోజు మన ఇళ్ళల్లో ఏం జరిగేది? ఎదురింటి వాళ్ళ సోఫా మనింటికి వచ్చేది. పక్కింటి పింగాణీ కప్పులు వచ్చేవి. చిరిగిన పరుపు అటకెక్కేది. అల్లరి పిల్లలు పిన్నిగారింటికి వెళ్ళేవాళ్ళు. దగ్గే తాతయ్య పెరట్లోకి వెళ్ళేవాడు. పెళ్ళివారు అటు వెళ్ళగానే సోఫా మళ్ళీ నాలుగు భుజాల మీద ఎదురింటికి చేరేది. ఇంతకంటే పక్కా స్టేజింగ్ అమెరికాలో కూడా ఉండదు.

మన బడి మాత్రం తక్కువ తిందా? ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారంటే వారం ముందు నుంచి గోడలకు సున్నాలు, చెట్ల మొదళ్ళకు ఎర్రమన్ను పూతలు. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని ముందే ఒప్పందం. క్లాసు క్లాసంతా చేతులెత్తేసరికి ఇన్‌స్పెక్టరు గారు మురిసిపోయేవారు. మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు, నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా చెప్పేశాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అనలేదు. ఆ రోజుల్లో అంత అవసరం పడలేదేమో. ఈ పని నాకు ఎలా దొరికిందో రెండు మాటల్లో చెబుతాను. 2014లో రాజధాని మన చుట్టుపక్కలే అనగానే బెజవాడలో ఇల్లు దొరకడం గగనమైంది. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి తరలివచ్చినప్పుడు, తలుపు తీసి చూడకుండానే అడ్వాన్సులు ఇచ్చినవాళ్ళున్నారు. తరువాత రాజధాని మాట అటూ ఇటూ ఊగినన్నాళ్ళూ కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు టు-లెట్ బోర్డులు ఎండకు వెలిసిపోయాయి. ఒకే వీధిలో పది ఫ్లాట్లు ఖాళీగా ఉంటే అద్దెకొచ్చేవాడు పదీ చూస్తాడు. ఆ పదిలో మనది గుర్తుండాలి. నా ఉద్యోగం అక్కడ పుట్టింది.

మొదట్లో అమెరికా పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. వాటి సలహాలు బెజవాడకు ఎలా సరిపోయాయో వినండి.

ఒకటో సలహా: ఇల్లు చూడ్డానికి వచ్చేముందు వంటింట్లో బిస్కెట్లు కాల్చండి, ఆ కమ్మని వాసనకు మనసు కరుగుతుంది. ఒక శుద్ధ శాకాహారి కుటుంబం గవర్నర్‌పేటలో ఫ్లాట్ చూడ్డానికి వచ్చింది. సరిగ్గా ఆ సమయానికి పై వాటాలో కొరమీను పులుసు ఉడుకుతోంది. నేను కంగారుపడి సాంబ్రాణి వేశాను. పులుసూ సాంబ్రాణీ కలిస్తే వచ్చే వాసనకు ఇంకా ఏ భాషలోనూ పేరు లేదు.

రెండో సలహా: కర్టెన్లన్నీ తీసేయండి, ఎండ ధారాళంగా లోపలికి రానివ్వండి. మే నెలలో, మన ఊళ్ళో! పడమటి కిటికీ కర్టెన్ ఒక్కసారి తీశాను. ఇల్లు చూడ్డానికి వచ్చినాయన ఇంటి ధర అడగలేదు, మంచినీళ్ళు అడిగాడు.

మూడో సలహా: ఇంటివాళ్ళ సొంత గుర్తులన్నీ తీసేయండి. మన ఇళ్ళల్లో సొంత గుర్తులు ఎక్కడుంటాయో ఆ పుస్తకం రాసినవాళ్ళకు ఏం తెలుసు? స్నానాలగది అద్దం మీద పదహారు బొట్టుబిళ్ళలుంటాయి. గుమ్మానికి ఉగాది నాటి మామిడాకులు దసరాకు కూడా కరకరలాడుతూ ఉంటాయి. వంటింటి తలుపు వెనక ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతూ ఉంటుంది, దాని నిండా ప్లాస్టిక్ కవర్లు. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం డబ్బా ఉంటుంది, దాంట్లో ఐస్‌క్రీం తప్ప అన్నీ ఉంటాయి. ఆ డబ్బా మూత ఎంతో ఆశగా తీసి, కరివేపాకు కారం చూసి ఏడ్చిన పసివాణ్ణి నేనే ఎత్తుకుని సముదాయించాను.

ఇక అటకలు. సత్యనారాయణపురంలో ఒక అటక దింపడానికి ఇద్దరు మనుషులకు రోజున్నర పట్టింది. ఇత్తడి బిందెలు, గంగాళం, ఊరగాయ జాడీలు, పని చేయని మూడు మిక్సీలు. "ఇవెందుకండీ?" అంటే ఆ ఇంటాయన, "ఒకదాని మోటారు పోయింది, ఒకదాని జారు పోయింది, మూడోది రిపేరుకు పనికొస్తుందని" అన్నారు. మూడూ కలిపినా కొబ్బరి చట్నీ రాదు, అటక మాత్రం నిండింది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి ఇంకోరకం. ఆషాఢంలో ఎవరూ రారు. శ్రావణం రాగానే అందరూ ఒకే ఆదివారం వస్తారు, అదీ రాహుకాలం దాటాక. నేను పూలు పెట్టి, దిండ్లు నిలబెట్టి, దీపాలు వెలిగించి నిలబడతాను. వచ్చినాయన అవేవీ చూడడు. సెల్‌ఫోన్లో దిక్సూచి పెట్టుకుని హాలు మధ్యలో గిరగిరా తిరుగుతాడు. ఆయన భార్య అలమరాలు లెక్కపెడుతుంది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ధార ఎంత లావుందో చూస్తుంది. ఊరి నుంచి తోడొచ్చిన బాబాయి గారు ప్రతి గోడనూ కొబ్బరికాయలా వేళ్ళతో తట్టి చూస్తారు. నన్నడిగితే ఆ నలుగురిలో ఇల్లు చూడటం తెలిసింది అత్తగారికి, బాబాయి గారికి.

ఇంతకీ మా ఇల్లు ఎలా ఉంటుందని అడగరేం? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. పనికి తెచ్చిన సోఫాలు, దీపాలు, దిండ్లు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే మధ్యలో మా హాల్లో మకాం చేస్తాయి. మా వారు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమోయ్, ఇది మనం కూర్చునే సోఫానా, చూసే సోఫానా?" అని అడిగి గానీ కూర్చోరు. ఒక శుక్రవారం మా అత్తయ్య గారు కళ్ళజోడు పెట్టుకోకుండా, బల్ల మీదున్న ప్లాస్టిక్ యాపిల్ పళ్ళు దేవుడికి నైవేద్యం పెట్టేశారు. సంగతి తెలిశాక ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "పోనీలేవే, ఆయన ఎప్పుడు తిన్నాడు గనక" అన్నారు. కత్తెర కోసం మా ఇంట్లో రోజూ యుద్ధమే. ఊళ్ళో ఎవరింట్లో కత్తెర ఎక్కడుందో నాకు తెలుసు, మా ఇంట్లో తప్ప.

ఇన్నేళ్ళ ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. సర్దడం వేరు, దాచడం వేరు. బొట్టుబిళ్ళలు తీస్తాను, మామిడాకులు తీస్తాను, మిక్సీలు దింపుతాను. అవి కొనేవాళ్ళకు సంబంధం లేనివి. కానీ ఇంట్లో దిగిన తరువాత వాళ్ళకు ఖర్చు తెచ్చిపెట్టేది, ప్రాణం మీదకు తెచ్చేది ఏదైనా ఉంటే దాన్ని కప్పిపెట్టను.

ఇది అనుకున్నంత తేలిక కాదు. మనది డెల్టా. కింద నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద కట్టిన గోడ కూడా దాంతోపాటు కదులుతుంది. చుట్టూ కాలవలు, చేలు. పునాది నుంచి చెమ్మ గోడల్లోకి పాకుతుంది, ఉప్పు పొర తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. ఆ మచ్చ చూపించి ఇంటి యజమాని మెల్లగా అంటాడు, "అక్కడ ఏదైనా మంచి పటం పెట్టేయండమ్మా" అని. మచ్చ ఎంత పెద్దదైతే వెంకటేశ్వరస్వామి పటం అంత పెద్దది. దేవుడి పటం కదా, వెనక ఏముందో ఎవరూ ఎత్తి చూడరు. పాపం, ఆయన్ని దొంగసొమ్ముకు కాపలా పెట్టినట్టు ఉంటుంది.

నియమం మీద నిలబడితే ఏమవుతుందో రెండు ఇళ్ళ సంగతి చెబుతాను.

మొదటిది పటమటలో ఒక ఫ్లాట్. భర్త పోయిన ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారు. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. ఫ్లాట్ అమ్మేసి అమ్మను తీసుకెళ్ళాలని వాళ్ళ ఆలోచన. మంచి పిల్లలే. ఫోన్లో అన్నీ మాట్లాడుకున్నాక ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "ఆంటీ, వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మను ఓ గంట పక్కింట్లో కూర్చోబెట్టండి. అమ్మ ఎక్కువ మాట్లాడుతుంది" అంది.

నాకు పెళ్ళిచూపుల రోజు పెరట్లోకి పంపిన తాతయ్య గుర్తొచ్చాడు. వస్తువులు సర్దుతాను గానీ, ఆ ఇంటి మనిషిని నేను తీయనమ్మా అని చెప్పాను. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరే ఉంచాను. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉన్నాయి కదా, ఎవరి పెళ్ళికి ఎవరిచ్చారో ఆవిడ చెబుతూ ఉంటే పెట్టెలకెత్తాం. గుమ్మం పక్కన గోడ మీద పెన్సిలు గీతలు, పిల్లలు ఏ ఏడు ఎంత ఎత్తు ఎదిగారో. రంగు వేసేముందు ఆ గోడ ఫోటో తీసి ఇద్దరు పిల్లలకూ పంపాను. మెల్‌బోర్న్ నుంచి చాలాసేపు జవాబు రాలేదు.

కొనేవాళ్ళు వచ్చారు. ఆవిడ వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అన్నీ చెప్పారు. కార్పొరేషన్ నీళ్ళు ఎప్పుడొస్తాయో, లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో, ఆఖరికి వెనక బాత్‌రూమ్ రెండుసార్లు రిపేరు చేయించినా కింది వాటాలోకి నీళ్ళు కారుతాయని కూడా. వాళ్ళు ఇల్లు తీసుకున్నారు, కానీ బాత్‌రూమ్ పేరు చెప్పి ధర తగ్గించారు. అమ్మాయి ఫోన్ చేసి నన్ను గట్టిగానే అడిగింది. పెద్దావిడ ఫోన్ అందుకుని, "ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్న ఇల్లే. వచ్చినవాళ్ళు నా పేరు చెప్పి తిట్టుకోకూడదు కదమ్మా" అన్నారు. ఆ మాటకు ధర కట్టడం ఇద్దరిలో ఎవరికీ చేతకాలేదు.

రెండో ఇంటి గోడ మీద కూడా ఒక గీత ఉంది. అది పెన్సిలుతో గీసింది కాదు.

2024 ఆగస్టు 31న, సెప్టెంబర్ 1న ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరు గట్లు తెగి ఊరి మీద పడింది. దాని నీళ్ళను కృష్ణలోకి మళ్ళించే కాలవ ఉంది గానీ, అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నదే నిండి ఉంటే కాలవ నీళ్ళు ఎక్కడికి పోతాయి? అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. మన సంఘం తరఫున అన్నం పొట్లాలు పంచినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

ఆ దసరా దాటాక సింగ్‌నగర్ వైపు నుంచి ఒక ఇంటి యజమాని పిలిచారు. కింది వాటా అద్దెకివ్వాలి. లోపలికి వెళితే నాలుగు గోడల మీదా నా గుండె ఎత్తున ఒకే తిన్నని గీత. కింద బురద రంగు, పైన సున్నం రంగు. ఆయన అడిగింది చిన్న పనే. "రెండు కోట్లు రంగు వేయిద్దాం. కింద పలకలు బిగిద్దాం. ఎవరైనా అడిగితే ఈ వీధికి నీళ్ళు రాలేదని చెబుదాం."

మునిగిన ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది. పచ్చిగోడకు రంగు వేస్తే పొక్కిపోతుంది. పలకలు బిగిస్తే చెమ్మ లోపలే కూర్చుంటుంది. అదంతా చెప్పాను. మీటరు బోర్డు పక్కన ఆ గీత ఒక్కచోట ఉంచి, తారీఖు వేయించమని కూడా చెప్పాను. ఆయన నవ్వి, "అలా రాసిపెడితే ఇంకెవరొస్తారమ్మా?" అన్నారు. ఆయన్ను కూడా తప్పుపట్టలేను. ఆ అద్దె మీదే ఆయన మందులు గడవాలి. నేను ఆ పని ఒప్పుకోలేదు. వేరెవరో చేశారు. కార్తీకం వెళ్ళేలోగా ఇంట్లో దిగారు, భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు.

నాకు నిద్ర పట్టలేదు. చెప్పకపోతే దాచినట్టే కదా. ఒకరోజు వెళ్ళాను. ఆ అమ్మాయి తలుపు తీసింది. నేనెవరో చెప్పి, నా గుండె దగ్గర చెయ్యి పెట్టి, "ఇంతవరకు వచ్చాయమ్మా నీళ్ళు" అన్నాను.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. "తెలుసక్కా. మేం పక్క వీధిలోనే మునిగాం. మాకు పీకల దాకా వచ్చాయి, ఇక్కడ గుండెల దాకానేగా" అంది. కాసేపాగి, "మెరక మీద ఈ అద్దెకు ఇల్లెక్కడ దొరుకుద్దో చెప్పక్కా, రేపే వెళ్ళిపోతాం" అంది.

నా దగ్గర జవాబు లేదు. నియమం పెట్టుకోవడం నాకు తేలిక, మాది మెరక మీది ఇల్లు. కానీ వెళ్ళినదాన్ని ఉత్తచేతులతో రాబుద్ధి కాలేదు. ఇద్దరం కలిసి ఆ రెండు గదులూ సర్దాం. బియ్యం డబ్బా అటక మీదకు. పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు జిప్పు కవర్లో పెట్టి తలుపు పైన చెక్క మీదకు. మిక్సీ పైకి. నీళ్ళు వస్తున్నాయనగానే ముందు మెయిన్ స్విచ్ ఎవరు ఆపాలి, గ్యాసు బండ ఎవరు కట్టెయ్యాలి, పిల్లల్ని మేడ మీదకు ఎవరెత్తుకెళ్ళాలి, అన్నీ అనుకున్నాం. మా ఎలక్ట్రీషియన్ని పంపి స్విచ్ బోర్డులు గీత కంటే పైకి ఎక్కించాను. ఆ ఖర్చులో సగం ఇంటి యజమానే ఇచ్చారు, అడిగితే కాదనలేదు. చూడ్డానికి ఏమీ బాగోలేదండీ ఆ ఇల్లు. ఉన్నదంతా నెత్తి మీద పెట్టుకున్నట్టుంది. నేను సర్దినవాటిలో ఉండేవాళ్ళ కోసం సర్దిన ఇల్లు మాత్రం అదొక్కటే.

మనందరికీ పిల్లలున్నారు, పెద్దవాళ్ళున్నారు, ఊళ్ళో ఒక ఇల్లో వాటానో ఉంది. కాబట్టి మూడు మాటలు అడిగి ముగిస్తాను.

ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా నీళ్ళు ఎంతవరకు వచ్చాయో నోరు తెరిచి చెప్పండి. దివిసీమలో 1977 నవంబర్ 19 ఉప్పెన చూసినవాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళితే ముందు మెరకా పల్లమా అని అడుగుతారు. అడిగినవాళ్ళకు మనం నిజం చెబితే చాలు.

మీరు ఇల్లు తీసుకునేటప్పుడు పటాలు ఎత్తి చూడండి, కొత్త రంగును నమ్మకండి. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే.

మీ అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే, వాళ్ళుండగానే, వాళ్ళ పక్కన కూర్చుని చేయండి. ఏ గిన్నె ఎవరిచ్చారో అడగండి. రోజున్నర ఎక్కువ పడుతుంది, అంతే. మిక్సీలు మాత్రం అడక్కుండా పారేయండి.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి. అధ్యక్షుల వారు గడియారం చూసుకుంటున్నారు, వెనక నుంచి గోంగూర పచ్చడి వాసన వస్తోంది.  సెలవు.